పొత్తిగుడ్డల పరిచర్య

ప్రొద్దు గూకిన తరువాత పల్లెలో ఒక ఇంటి ముంగిట నిలిచి చూడుడి. తల్లి అప్పుడే పొలమునుండి వచ్చినది. పొయ్యి ఇంకను రాజుకొనలేదు. చంకలోని బిడ్డ ఏడ్చుచున్నది. రెండవవాడు మట్టిచేతులు కడుగుకొనకుండనే అన్నపు కుండలో చెయ్యి పెట్టుచున్నాడు. అంతలో గుడి గంట వినబడుచున్నది. ప్రార్థనకు వెళ్లవలెనని ఆమెకు ఆశయే; గాని వెళ్లుట ఎట్లు? "ఈ పిల్లలతో దేవుని పనికి నాకు తీరిక ఎక్కడిది?" అని ఆమె నిట్టూర్చుచున్నది.

ఈ మాటను మన సంఘములలో అనేకమంది తల్లుల నోట వినుచున్నాము. తండ్రుల నోట మాత్రము సాధారణముగా వినము. ఏలయనగా బిడ్డను ఎత్తుకొనుట, కడుగుట, జోకొట్టుట తమ పని కాదని పెక్కుమంది తండ్రులు తలంచుచున్నారు. పిల్లల పని వేరు, దేవుని పని వేరు అనునది తల్లి తలంపు. పిల్లల పని మగవానికి తగదు అనునది తండ్రి తలంపు. ఈ రెండు తలంపులును తప్పని, ఇంచుమించు ఐదువందల ఏండ్ల క్రిందట ఒక ఇంటిలో జరిగిన సంగతులు మనకు చూపుచున్నవి.

ఆ యిల్లు జర్మనీ దేశపు సాక్సనీ సీమలో, ఎల్బె నది ఒడ్డుననున్న విట్టెన్‌బర్గు అను చిన్న పట్టణములోనిది. ఇంటి యజమానుడు మార్టిన్ లూథరుగారు. యజమానురాలు ఆయన భార్య కాతరీన. 1517లో ఆయన వ్రాసిన తొంబదియైదు వాక్యములను గూర్చియు, 1521లో వోర్మ్సు పట్టణమందు చక్రవర్తి యెదుట నిలిచిన సంగతిని గూర్చియు మనము అనేకమారులు విన్నాము. ఆ గొప్ప సంగతులను ఇచ్చట మరల చెప్పబోము. ఆ యింటి ఊయలను గూర్చియు, భోజనపు బల్లను గూర్చియు, పొత్తిగుడ్డలను గూర్చియు చెప్పుదుము.

పెండ్లికి ముందు వ్రాసిన మాట

ఆ కాలపు జనులు పరిశుద్ధమైన బ్రదుకు మఠములోనే యున్నదని నమ్ముచుండిరి. పెండ్లాడి పిల్లలను పెంచువారు తక్కువ మెట్టు మీద నున్నవారనియు, సన్యాసులును సన్యాసినులును దేవునికి దగ్గరవారనియు వారి యెన్నిక. లూథరు కూడ అట్లే నమ్మి 1505లో మఠములో చేరెను. కాతరీన పసితనముననే మఠమునకు పంపబడి, 1515లో సన్యాసినిగా మ్రొక్కుబడి చేసెను. అప్పటికామెకు పదునారేండ్లు.

1522లో, ఇంకను పెండ్లి కాకమునుపే, లూథరు కుటుంబ జీవనమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అందులో ఆయన చెప్పిన సంగతి ఇది: లోకజ్ఞానము కుటుంబమును చూచి ముక్కు ముడుచుకొనును. ఊయల ఊపవలెనా, గుడ్డలు ఉతకవలెనా, కంపు భరించవలెనా, రాత్రులు మేలుకొనవలెనా అని విసుగుకొనును. విశ్వాసము అవే పనులను చూచి, ఇవి దేవుడు మెచ్చిన పనులు, బంగారముతో అలంకరింపబడిన పనులు అని చెప్పును. తండ్రి బిడ్డ పొత్తిగుడ్డలు ఉతుకుచుండగా ఇరుగుపొరుగువారు ఆడంగివాడని నవ్వవచ్చును. గాని ఆ పని విశ్వాసముతో చేసినయెడల పరలోకమందు దేవుడును దూతలును ఆ తండ్రిని చూచి సంతోషింతురని ఆయన వ్రాసెను. వారి సంతోషము గుడ్డలు తెల్లబడినందుకు కాదు, ఆయన విశ్వాసముతో చేసినందుకే.

పెండ్లి కాని సన్యాసి ఇట్టి మాటలు వ్రాయుట తేలికయే అని మీరనవచ్చును. నిజమే. బిడ్డ ఏడ్పు వినని చెవికి ఆ ఏడ్పు ఎంత బరువో తెలియదు. ఆయన మాటకు పరీక్ష తరువాత వచ్చెను.

పాడుపడిన మఠము సంసారపు ఇల్లగుట

1523 ఈస్టరు పండుగనాటి రాత్రి టోర్గావు పట్టణపు వర్తకుడు లియొన్హార్డు కొప్పె అనునతని బండిలో పండ్రెండుమంది సన్యాసినులు నింబ్‌షెన్ మఠమునుండి తప్పించుకొని వెళ్లిరి. వారిలో కాతరీన ఒకతె. రెండేండ్ల తరువాత 1525 జూన్ 13న ఆమెకును లూథరుకును వివాహమాయెను. ఆయన వయస్సు 41, ఆమె వయస్సు 26.

సన్యాసులు విడిచిపోయిన పాత మఠమే వారి కాపురమాయెను. అది చాల పెద్ద కట్టడము, గాని దానిలో సంసారపు కళ ఏ మాత్రమును లేదు. పెండ్లికి ముందు ఏడాది పొడుగున తన పడకను సర్దినవారే లేరనియు, అలసిపోయి ఆ చెమట కంపులోనే పడి నిద్రించెడివాడననియు లూథరే తరువాత చెప్పెను. కాతరీన వచ్చి ఆ యింటిని చక్కబెట్టెను. పందులను ఆవులను పెంచెను, తోట వేసెను, చేపల చెరువు చూచుకొనెను, ఆ చలిదేశపు వాడుక చొప్పున ఇంటికి కావలసిన బీరును తానే కాచెను. లూథరును తోటలో చెయ్యి పెట్టెను. నూరెంబర్గులోని స్నేహితునికి వ్రాసి విత్తనములు తెప్పించుకొనెను. ఇంటి వ్యవహారములన్నియు కాతరీన చేతిలోనుండెను గనుక ఆయన హాస్యముగా తన ఉత్తరములలో ఆమెను దొరగారని పిలిచెడివాడు.

వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి. 1526లో హన్స్, 1527లో ఎలిసబెతు, 1529లో మగ్దలేన, 1531లో మార్టిన్, 1533లో పౌలు, 1534లో మార్గరేత. వీరుగాక తలిదండ్రులు లేని మేనల్లుండ్రు, మేనకోడండ్రు ఆ యింటనే పెరిగిరి. కాతరీన మేనత్తయైన లేన అను ముసలమ్మ పిల్లలను చూచుకొనుచుండెను. చదువుకొనుటకు వచ్చిన విద్యార్థులు డబ్బిచ్చి అచ్చటనే భోజనము చేయుచుండిరి. 1542లో ఒక రాజకుమారుడు విట్టెన్‌బర్గునకు వచ్చి ఆ యింట దిగవలెనని కోరగా, అచ్చట పిల్లలు, విద్యార్థులు, విధవలు, ముసలమ్మలు నిండియున్నారు, తమకు నెమ్మది యుండదు, దిగవద్దని ఒకరు ఆయనకు వ్రాసిరట! అనగా ఆ యిల్లు మన యిండ్లవంటిదే. పనివారు ఉండిరి, అయినను చప్పుడునకును పనికిని కొదువ లేకుండెను.

మూలమూలను హన్స్ చేసిన పని

ఆ యింట మొదటి బిడ్డ పుట్టిన తరువాత లూథరు ఉత్తరములు మారిపోయెను. గొప్ప దైవజ్ఞులకు వ్రాయు ఉత్తరములలో వేదాంత చర్చల నడుమ పిల్లవాని పండ్లు మొలచుట, పిల్లవాని జబ్బు, పిల్లవాని అల్లరి కనబడసాగెను. 1527 అక్టోబరులో ఆయన తన స్నేహితుడైన యూస్తు యోనాసునకు వ్రాసిన జాబులో ఒక సమాచారము గలదు. పదునారు నెలల హన్స్ మోకాళ్లు వంచి తనంతట తానే కూర్చుండుట నేర్చుకొనెననియు, నేర్చుకొని ఇంటి మూలమూలను దొడ్డికి కూర్చుండి వచ్చెననియు ఆయన నవ్వుచు వ్రాసెను. ఇట్టి సంగతి చదివి నవ్వని తల్లి యుండునా? మన యింట నిన్న జరిగినదే గదా!

ఆ నవ్వులోనే ఆయనకు ఒక ఉపదేశము దొరికెను. ఇల్లంతయు మురికిచేసి, రాత్రియంతయు ఏడ్చి లేపు ఈ చిన్నవాడు నా ప్రేమను సంపాదించుటకు ఏమి చేసెను? ఏమియు చేయలేదు. అయినను నేను ప్రేమించుచున్నాను. తలిదండ్రులు పిల్లల కంపును ఎంత ఓర్చుకొనుచున్నారో, అంతకంటె ఎక్కువ కంపును దేవుడు మనయొద్ద ఓర్చుకొనుచున్నాడు అని ఆయన భోజనపు బల్లయొద్ద చెప్పెడివాడు. కృపను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకములు పెక్కు గలవు. గాని గుడ్డలు మార్చుచున్న తల్లికి ఈ మాటయే చాలును.

బల్లయొద్ద ఆయన చెప్పిన మాటలను విద్యార్థులు వ్రాసికొనిరి. అవి 1566లో అచ్చుపడెను. అందులో పిల్లలు మాటిమాటికి కనబడుచున్నారు. తండ్రి వ్రాసికొనుచుండగా హన్స్ ప్రక్కన కూర్చుండి పాట పాడును. గొంతు హెచ్చినప్పుడు తండ్రి కొంచెము గదుమును. అప్పుడు వాడు పాట మానడు, మెల్లగా పాడును. దేవుని యెదుట మనమును ఇట్లే యుండవలెను, సంతోషము విడువక, భయభక్తులు మరువక అని లూథరు చెప్పెను. మరియొకప్పుడు పసివాడైన మార్టిన్ తల్లి పాలు త్రాగుచుండెను. ఈ పిల్లవానికి ఎందరు గొప్పవారు శత్రువులో చూడుడి, పోపుగారును బిషప్పులును ప్రభువులును మన ఇంటిమీద పగబట్టియున్నారు, అయినను వాడు చింత లేక త్రాగుచున్నాడు అని ఆయన అనెను. ఆ యింట తోల్పెల్ అను ఒక కుక్క యుండెను. అది నోరు తెరచి బల్లమీది మాంసమువైపే చూచుచుండగా, ఈ కుక్క మాంసమును చూచినట్లు నేను ప్రార్థన చేయగలిగితే ఎంత మేలు అని ఆయన చెప్పెను.

క్రిస్మసు దినములలో పిల్లలు పాడుటకు ఆయన ఒక కీర్తన వ్రాసెను. అది 1535లో అచ్చుపడెను. పశువుల తొట్టిని, పొత్తిగుడ్డలను పిల్లలకు చూపి, ఆ శిశువునకు మీ హృదయమే ఊయల కావలెనని చెప్పు కీర్తన అది. ఇంటిలో ఊయల ఊపినవారికే ఇట్టి మాట తోచును.

దెబ్బలు తిన్న తండ్రి

ఆయన పసితనము ఇట్లుండలేదు. ఆయన మాన్స్‌ఫెల్డు అను గనుల ఊరిలో పెరిగెను. ఒక పప్పుకాయ తీసికొన్నందుకు తల్లి రక్తము వచ్చునట్లు కొట్టెను. తండ్రి ఒకసారి కొట్టగా ఆయన ఇల్లు విడిచి పారిపోయెను, మరల దగ్గరకు చేర్చుకొనుటకు తండ్రికి చాల కష్టమాయెను. బడిలో తనకు నేర్పని పాఠమును అప్పజెప్పలేదని ఒక్క ఉదయమున పదునైదు దెబ్బలు తినెను. ఈ సంగతులను ఆయనే తరువాత చెప్పెను. తలిదండ్రులు తన మేలు కోరియే కొట్టిరని ఒప్పుకొనెను, గాని ఆ కాఠిన్యము తన్ను పిరికివానిగా చేసెనని కూడ చెప్పెను.

2003లో మాన్స్‌ఫెల్డులో లూథరు తలిదండ్రుల ఇంటియొద్ద పాత చెత్తగుంటను త్రవ్వి చూచినవారికి వంటపాత్రల పెంకులతోబాటు మట్టి గోళీలు దొరికెను. ఏ పిల్లవాని చేతిలోనివో ఎవరు చెప్పగలరు? అయినను దెబ్బలున్న ఆ యింటనే ఆటలును ఉండెనని ఆ గోళీలు మనకు చెప్పుచున్నవి.

బెత్తము ప్రక్కన ఆపిల్ పండు కూడ ఉండవలెనని లూథరు తండ్రులకు బోధించెను. ఈ బోధను తానే ఎల్లప్పుడు నెరవేర్చెనా? లేదు. ఒకసారి హన్స్ తప్పు చేయగా మూడు దినములు తన ముఖము చూడనియ్యలేదు. క్షమాపణ వేడుకొని చీటి వ్రాసినదాక ఒప్పుకొనలేదు. తల్లియు స్నేహితులును బ్రతిమాలినను వినలేదు. ఆయనను దేవదూతగా చేయుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. కోపము గల తండ్రి, కొన్నిమారులు కఠినుడు; అయినను తాను తిన్న దెబ్బలన్నిటిని తన పిల్లలకు దింపక కొన్నిటిని తనయందే ఆపిన తండ్రి. మనము కూడ అంత చేసినయెడల మన పిల్లలు ధన్యులు.

"ఇది ఏమి?"

1527లో విట్టెన్‌బర్గునకు తెగులు వచ్చెను. విద్యాలయము వేరొక పట్టణమునకు లేచిపోయెను. లూథరు వెళ్లలేదు. రోగులను ఇంటనే చేర్చుకొనిరి. కాతరీన నిండు చూలాలు. హన్స్ జబ్బుపడి చాల దినములు సరిగా తినలేకపోయెను. ఆ దినములలో డిసెంబరు 10న ఎలిసబెతు పుట్టెను. తల్లియు బిడ్డయు బ్రదికిరి. గాని 1528 ఆగస్టు 3న, ఎనిమిది నెలలైనను నిండకమునుపే, ఆ చిన్నది చనిపోయెను. చక్రవర్తి యెదుట వణకని మనుష్యుడు తన స్నేహితునికి జాబు వ్రాసి, తండ్రి హృదయము బిడ్డను గూర్చి ఇంత మెత్తనగునని నేనెన్నడును నమ్మియుండను, నా మనస్సు ఆడుదాని మనస్సువంటిదాయెను అని చెప్పుకొనెను.

మరుసటి యేడు 1529లో ఆయన చిన్న ప్రశ్నోత్తరి వ్రాసెను. మన పెద్దలలో అనేకులు దానిని కాటికిజము అని పిలిచెదరు. అది మొదట గోడకు తగిలించు పెద్ద కాగితములుగా అచ్చుపడెను, తరువాత పుస్తకమాయెను. ఎవరికొరకు వ్రాసెనో ఆ కాగితములమీదనే యుండెను: ఇంటి యజమానుడు తన యింటివారికి సులభముగా నేర్పవలసిన విధము. ఆ పనిని బోధకునికో పంతులుకో విడిచిపెట్టలేదు, తండ్రికి అప్పగించెను. అందులో మాటిమాటికి వచ్చు ప్రశ్న ఒక్కటే: ఇది ఏమి? మాటలు నేర్చుకొనుచున్న ఏ బిడ్డయైనను దినమునకు నూరుమారులు వేయు ప్రశ్న అది. హన్స్‌కు అప్పటికి మూడేండ్లు. పిల్లవాడు అడుగు ప్రశ్నకు విసుగుకొనక ఉత్తరము చెప్పుటయే ఆ పుస్తకపు పద్ధతి. పెద్దపట్టా పొందిన పండితుడనైనను నేను ఇంకను ఈ పాఠమునకు పిల్లవాడనే, ప్రతి ఉదయమును పిల్లవానివలె వల్లించుచున్నాను అని ఆయన పెద్ద ప్రశ్నోత్తరిలో ఒప్పుకొనెను.

కోట గోడమీద బిడ్డ బొమ్మ

1530లో ఆగ్స్‌బర్గు పట్టణములో చక్రవర్తి సభ కూడెను. చక్రవర్తి శిక్షాజ్ఞ తలమీదనున్నందున లూథరు అచ్చటికి పోలేక, ఏప్రిలు మొదలు అక్టోబరు వరకు కోబర్గు కోటలో నుండెను. ఇంటియొద్ద హన్స్‌కు నాలుగేండ్లు, మగ్దలేనకు ఏడాది. కాతరీన ఏడాది బిడ్డ బొమ్మను గీయించి కోటకు పంపెను. మొదట ఆ బొమ్మను ఆనవాలు పట్టలేక, ఇంత నల్లగానున్నదేమి, ఇది మా లేన్‌హెన్ కాదు అనెను. చూడగా చూడగా అది ఆ బిడ్డయే అని తోచెను. భోజనపు బల్లకు ఎదురుగా గోడమీద తగిలించుకొనెను. ఆయనతో నున్న విద్యార్థి ఈ సంగతిని కాతరీనకు వ్రాసెను.

జూన్ మొదట ఆర్గులా అను ఒక కులీన స్త్రీ ఆయనను చూడవచ్చెను. ఆమె సువార్త పక్షమున ధైర్యముగా పత్రికలు వ్రాసిన స్త్రీ. ఆమెతో సంఘ సంగతులు మాటలాడి, అంతటితో నిలువక, బిడ్డకు పాలు మాన్పించు విధమును కూడ లూథరు తెలిసికొనెను. దినమునకు ఇన్నిమారులు ఇచ్చుచున్న పాలలో మొదట ఒక పూట మానవలెను, కొన్నాళ్లకు మరియొక పూట, ఇట్లు మెల్లగా మాన్పించవలెను అని కాతరీనకు జాబు వ్రాసెను. ఆ దినమే, జూన్ 5న, తన తండ్రి చనిపోయిన వర్తమానము ఆయనకు అందెను. కీర్తనల గ్రంథమును చేతపట్టుకొని గదిలోనికి వెళ్లి బహుగా ఏడ్చెను. తండ్రి చావునకు ఏడ్చిన దినమే బిడ్డ పాలు మాన్పించు సంగతి! సంసారులైన మనకు ఇది వింత కాదు. ఒకే దినము ఇంట చావును ఊయలయు ఉండును.

జూన్ 25న ఆగ్స్‌బర్గులో విశ్వాసపు ఒప్పుదల చక్రవర్తి యెదుట చదువబడెను. దానికి ఆరు దినములు ముందు, జూన్ 19న, కోటలో కూర్చుండి లూథరు నాలుగేండ్ల హన్స్‌కు ఒక ఉత్తరము వ్రాసెను. బాగుగా చదువుకొనుచు ప్రార్థించుచున్నావని విని సంతోషించితినని చెప్పి, ఒక తోటను గూర్చి కథ చెప్పెను. బంగారు అంగీలు తొడిగికొన్న పిల్లలు అచ్చట చెట్ల క్రింద పండ్లు ఏరుకొందురు. వారికి బంగారు కళ్లెములు, వెండి జీనులు గల చిన్న గుఱ్ఱములు కలవు. నా హన్స్ కూడ రావచ్చునా అని తోట యజమానుని అడిగితిని, రావచ్చుననెను. నీ స్నేహితులు లిప్పూ, యోస్తు కూడ రావచ్చును, లేన అమ్మమ్మను కూడ తీసికొని రమ్ము అని వ్రాసెను. పరలోకమును గూర్చి పండితులకు వ్రాయు మాటలు ఇందులో లేవు. చిన్నవాని చేతికి అందునంత క్రిందికి కొమ్మను వంచి చూపెను. కొన్ని నెలల తరువాత ఆ తోటనుండియే తెచ్చితినని చెప్పుటకు పంచదారతో చేసిన ఒక పుస్తకమును కూడ సిద్ధపరచెను.

మగ్దలేన

1542 సెప్టెంబరులో మగ్దలేన జబ్బుపడెను. ఆమెకు పదుమూడేండ్లు. హన్స్ టోర్గావులో చదువుకొనుచుండెను. అన్నను చూడవలెనని చెల్లెలు బెంగపెట్టుకొనెను గనుక, సంగతి వానికి చెప్పక బండి ఎక్కించి పంపుమని తండ్రి ఉపాధ్యాయునికి వ్రాసెను. హన్స్ వచ్చెను.

తండ్రి మంచము ప్రక్కన మోకరించెను. ఇచ్చట ఈ తండ్రియొద్ద ఉండుటకు నీకిష్టమే, అచ్చట ఆ తండ్రియొద్దకు పోవుటకును నీకిష్టమేనా అని బిడ్డ నడిగెను. దేవుని చిత్తమైనట్లే అని ఆ చిన్నది ఒప్పుకొనెను. సెప్టెంబరు 20న తండ్రి చేతులలోనే ప్రాణము విడిచెను. తల్లి అదే గదిలోనుండెను గాని దుఃఖముచేత కొంచెము దూరముగా నిలిచెను. ఇతరులకు ఆదరణ చెప్పుచు వచ్చిన ఆయన మూడు దినముల తరువాత స్నేహితునికి వ్రాయుచు, మేము దేవునికి కృతజ్ఞతలు చెల్లింపవలసినదే, గాని ఆ బిడ్డ ముఖమును మాటలును మా హృదయములో నాటుకొనియున్నందున ఏడ్వక చెప్పలేకపోవుచున్నాము అని వ్రాసెను.

తల్లీ, నీవు బిడ్డను పోగొట్టుకొని కన్నీరు విడిచినప్పుడు, విశ్వాసము గలవారు ఏడ్వకూడదని ఎవరైనను నీతో అనిన యెడల ఈ యింటిని జ్ఞాపకము చేసికొనుము. ఏడ్చిరి, నమ్మిరి, రెండును చేసిరి.

ఆ యిల్లు నేడు

లూథరు 1546 ఫిబ్రవరి 18న తాను పుట్టిన ఐస్లెబెన్ పట్టణములోనే చనిపోయెను. తరువాత వచ్చిన యుద్ధమువలన కాతరీన రెండుమారులు ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చెను. 1552లో తెగులునకు భయపడి పిల్లలతో టోర్గావునకు పోవుచుండగా బండినుండి పడి గాయపడి, డిసెంబరు 20న అచ్చటనే కన్నుమూసెను. మూలమూలను మురికిచేసిన హన్స్ న్యాయశాస్త్రము చదివెను. మార్టిన్ వేదశాస్త్రము చదివెను గాని బోధకుడు కాలేదు. పౌలు వైద్యుడాయెను. మార్గరేత పెండ్లాడి పిల్లల తల్లియాయెను. తండ్రివంటి పేరు వారిలో ఎవరికిని రాలేదు. బిడ్డలను పెంచుట లోకములో పేరు కొరకు కాదు గదా.

ఆ యింటి చప్పుడు మన తెలుగు నేలకును వచ్చినది. మద్రాసులో పనిచేసి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్ట్జ్ అను మిషనెరీ 1746లో జర్మనీలోని హాలె పట్టణమందు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు మాటలలో అచ్చు వేయించెను. 1842లో హయ్యరుగారు గుంటూరుకు వచ్చిన తరువాత అదే పాఠము మన పల్లెలలో వల్లింపబడెను. అక్షరములు రాని తాతలు అవ్వలు పొలమునుండి వచ్చి దీపము చుట్టు కూర్చుండి నోటితో నేర్చుకొనిరి. "ఇది ఏమి?" అను హన్స్ ప్రశ్నను మన తాతలు తమ పిల్లల నోట వినిరి.

ఆ పాత మఠము ఇప్పుడు ఒక ప్రదర్శనశాల. 1540లో కాతరీన భర్తకు కానుకగా కట్టించిన రాతి ద్వారము ఇంకను నిలిచియున్నది. దాని ఇరుప్రక్కల కూర్చుండుటకు రెండు రాతి పీటలు కలవు. లోపల కుటుంబము కూర్చున్న గదియును కలదు. గాని ఊయల చప్పుడు లేదు. అది ఆ రాతి గోడలలో మిగులునది కాదు. ప్రతి తరములో ప్రతి యింటిలో మరల మొదలుకావలసినది.

కాబట్టి తల్లీ, గుడి గంట మ్రోగుచుండగా బిడ్డను జోకొట్టుచు ఇంటనే నిలిచిపోయితివా? నీ పనిని తక్కువగా ఎంచుకొనకుము. శిష్యులు ఆటంకపరచినను పిల్లలను చేతులలోనికి తీసికొనిన ప్రభువు నీ వాకిట కూడ నిలిచియున్నాడు. తండ్రీ, నీవు అరుగుమీద కూర్చుండి ఆమె ఆలస్యమునకు విసుగుకొనుచున్నావా? లేచి బిడ్డను ఎత్తుకొనుము. పొయ్యి రాజుకొనువరకు ఆడించుము. ఆమె నీళ్ల బిందెతో వచ్చువరకు పొత్తిగుడ్డను నీవే మార్చుము. పొరుగువాడు చూచి నవ్వునేమో, నవ్వనిమ్ము. ఈ రాత్రి దీపము వెలిగించిన తరువాత మీ చిన్నవాడు దానివైపు వ్రేలు చూపి, "నాయనా, ఇది ఏమి?" అని అడుగును. వానికి ఉత్తరము చెప్పుము.